మూడు రోజుల గైర్హాజరు

అక్టోబరు 6, సోమవారం

పదహారేళ్ళ తరువాత ఈ రోజు మళ్ళీ పాఠం చెప్పాను. సుద్దముక్కల పెట్టె కొనుక్కుని వెళ్ళాను. అక్కడ నల్లబల్ల లేదు. తెల్లబల్ల ఉంది, దాని మీద స్పిరిట్ వాసన వేసే మార్కర్లతో వ్రాయాలట. పెట్టెను సంచిలోనే ఉంచుకుని తిరిగి తెచ్చాను.

స్థలం మాదాపూర్, హాస్టళ్ళ సందు. కింద టిఫిన్ సెంటరు, పైన రెండు గదులు. పేరు ‘మన గది’. మా అమ్మాయి రసజ్ఞ పనిచేసే కంపెనీ దీనికి తోడ్పడుతోంది. ఎన్నాళ్ళు నాన్నా, పేపర్లో తప్పులకు సున్నాలు చుడుతూ కూర్చుంటావు, వెళ్ళి నలుగురు పిల్లలకు తెలుగు చెప్పరాదా అని తనే దింపి వెళ్ళింది.

పదకొండు మంది ఆడపిల్లలు. పధ్నాలుగు నుంచి పద్దెనిమిది ఏళ్ళ వారు. తల్లులు ఈ అద్దాల భవనాలలో నేలలు తుడుస్తారు. తండ్రులున్న పిల్లల తండ్రులు వాటి గేట్ల దగ్గర కాపలా నిలబడతారు. అందరూ చదువు మధ్యలో మానినవారే. ప్రతి పిల్ల వెనుకా ఏదో ఒక సంగతి ఉన్నదనీ, దానిని మనం తవ్వరాదనీ కౌన్సెలర్ చెప్పింది. ఈమె పేరు రేణుక. ముప్పై దాటి ఉండదు. సిద్దిపేట వైపు మనిషి. నాకు రెండు గంటలు ట్రైనింగు ఇచ్చింది. ముప్పయ్యారేళ్ళ సర్వీసు ఉన్న నాకు.

ట్రామా-ఇన్ఫార్మ్‌డ్, జెండర్-సెన్సిటివ్ అని రెండు మాటలు పదే పదే వాడింది. వీటికి తెలుగు ఏమిటని అడిగాను. జర టైమియ్యుండ్రి సార్, పని చేసుకుంట పోతె మాట అదే దొరుకుతది అంది. మాట తెలియకుండా చేసే పని గుడ్డి పని అన్నాను. నవ్వి ఊరుకుంది.

నా కుర్చీని ద్వారం పక్కన వేసుకున్నాను. అది నా అలవాటు. నా తరగతి నుంచి నాకు తెలియకుండా పిల్లి కూడా బయటికి పోలేదు. రేణుక వచ్చి, పిల్లకూ తలుపుకూ నడుమ మనం కూసోవద్దు సార్ అని కుర్చీని తానే ఎత్తి కిటికీ పక్కన వేసింది. కారణం చెప్పబోయింది. నేను వినలేదు.


అక్టోబరు 7

పాలసీ అని నాలుగు పేజీలు ఇచ్చి చదివి సంతకం చేయమన్నారు. ఎవరో ఇంగ్లీషు నుంచి దించిన తెలుగు. పదకొండు తప్పులు. ఎర్ర సిరాతో దిద్దాను. నాలుగవ నియమం మరీ దుర్భరంగా ఉంటే, దానిని కొట్టివేసి పక్కన నా దస్తూరితో తిరగ వ్రాశాను. సంతకం పెట్టి ఇచ్చాను.

రేణుక చూసి, సార్, బాగున్నది, ఇదే జిరాక్స్ తీపిస్త అంది. సంతోషం కలిగింది.


అక్టోబరు 8

ఇక్కడ హాజరుపట్టీ లేదు. మొదటి పేరు చాలునట. అదీ నిజం పేరు కానక్కరలేదట. ఇంటిపేరు, ఊరు, చిరునామా అడగకూడదట.

ఇంత అరాచకం నా వల్ల కాదు. సొంతంగా ఒక నోటుబుక్కు కొని గీతలు గీశాను. పిల్లలందరి చేత వివరాలు వ్రాయించాను. ప్రవళిక అనే పిల్ల మాత్రం పెన్ను పట్టుకుని చాలా సేపు కూర్చుంది. చిరునామా తప్పనిసరా సార్ అని అడిగింది. తప్పనిసరే అన్నాను. వ్రాసింది.

రేణుకకు చెప్పలేదు. ఆమె అడగలేదు గనుక.


అక్టోబరు 15

ప్రవళిక దస్తూరి వంటిది నా సర్వీసులో నలుగురికి మించి చూడలేదు.


అక్టోబరు 17

నన్ను చాటుగా దీర్ఘం తాత అంటున్నారట. ప్రియాంక అనే గడుగ్గాయి పెట్టిన పేరు. ‘మాదాపూరు’లో దీర్ఘాలు ఎన్ని తాతా అని నా ముఖం మీదే అడిగింది. మందలించబోయాను. ప్రవళిక నవ్వుతోంది. ఆ పిల్ల నవ్వగా చూడడం ఇదే మొదలు. మందలించలేదు.


అక్టోబరు 24, శుక్రవారం

ప్రవళికకు పదహారు. పదవ తరగతి మంచి మార్కులతో ప్యాసయింది. ఇంటర్లో చేరి మూడు నెలలకే మానింది. ఎందుకు మానావమ్మా అని అడిగాను. ఎందుకు అన్నాను మళ్ళీ. నా పెన్ను వైపే చూస్తూ కూర్చుంది. తరువాత బాత్‌రూములోకి వెళ్ళి అరగంట రాలేదు.

రేణుక నన్ను పక్కకు పిలిచింది. ఎందుకు అని అడగొద్దు సార్, మనకది ప్రశ్న, ఆళ్ళకది తప్పు మోపినట్టు ఇనపడ్తది అంది.

పాఠం మధ్యలో ఆ పిల్ల చూపు ఎప్పుడూ వీధి మీదే. కింద ఏ కారు హారన్ మోగినా పెన్ను ఆగిపోతుంది. ఏకాగ్రత లేదని ఈ రోజు అందరిలో అన్నాను.

ఇంటికి వచ్చి కనకానికి ఈ ‘ఎందుకు’ సంగతి చెప్పి నవ్వాను. ఆమె నవ్వలేదు. పప్పులోకి ఉల్లిపాయలు తరుగుతోంది. ఆ అమ్మాయికి కాస్త జ్వరం వస్తే తగ్గేదాకా చూస్తారు గానీ, జ్వరం ఎందుకు తెచ్చుకున్నావని అడగరు కదా మావయ్యా అంది.

కనకం నా అక్క కూతురు. నన్ను ఇప్పటికీ మావయ్యా అనే పిలుస్తుంది. ఈ నిజాంపేట అపార్ట్‌మెంట్‌లో అది విని నవ్వని వారు లేరు. పెళ్ళినాటికి ఆమెకు పదిహేను, నాకు ఇరవై మూడు. యాభై ఒక్క సంవత్సరాలు. ఒక్కనాడూ ఎదురు చెప్పలేదు.


నవంబరు 12, బుధవారం

ప్రవళిక రాలేదు.


నవంబరు 14, శుక్రవారం

బాలల దినోత్సవం. బూందీ లడ్డూలు తీసుకువెళ్ళాను. ప్రవళిక లడ్డూ మిగిలింది. మూడవ రోజు.

రేణుకను అడిగాను. జరం వచ్చింది సార్, సోమారం వస్తది అంది. ఎక్కడ ఉంటుంది, ఎవరు చూస్తున్నారు అని అడిగితే, అది నాకు ఇడిసిపెట్టుండ్రి అంది.

ఉపాధ్యాయునికి చెప్పవలసిన పద్ధతి అదేనా?

నా సర్వీసులో ఒక నియమం ఉంది. మూడు రోజులు గైర్హాజరైన పిల్లవాని ఇంటికి నాలుగవ రోజున నేను వెళ్ళి తీరాను. వానలో వెళ్ళాను. వరదలో పడవ మీద వెళ్ళాను. మా మండలంలో నాకు వచ్చిన పేరంతా దాని వల్లనే.


నవంబరు 15, శనివారం

రెండు బస్సులు మారి నార్సింగి వెళ్ళాను. నోటుబుక్కులో చిరునామా ఉంది కదా.

ముప్పై అంతస్తుల మేడల వెనుక పాత ఊరి ఇళ్ళు ఇంకా ఉన్నాయి. ఒక ఆవరణలో వరుసగా రేకుల గదులు. ప్రవళిక తల్లి ఎల్లమ్మ డ్యూటీలో ఉందట. ఏదో కంపెనీలో హౌస్‌కీపింగు. గది ముందర ముప్పై నాలుగు, ముప్పై అయిదేళ్ళ మనిషి తెల్ల కారు కడుగుతున్నాడు. రాత్రి పూట ఐటీ వాళ్ళ క్యాబు నడుపుతాడు. పేరు రవీందర్. ఎల్లమ్మ తమ్ముడు. ప్రవళికకు మేనమామ.

నేను ఫలానా అని చెప్పగానే అతని చేతిలో బట్ట జారిపోయింది. లోపలికి పరుగెత్తి కుర్చీ తెచ్చాడు. దాన్ని తన తువాలుతో తుడిచాడు. కూసోండ్రి సారూ, మా అదృష్టం అన్నాడు. అల్లం వేసిన చాయ్ తెప్పించాడు.

మా అక్క బిడ్డ సారూ, ఈ చేతుల మీద పెరిగింది అన్నాడు. చిన్న మాట పట్టింపుకు ఆగస్టులో ఇల్లు విడిచి పోయిందట. నెత్తి నోరు కొట్టుకున్నా జాడ తెలియలేదట. మా అక్క తిండి తింటలేదు, యాడున్నదో జర చెప్పి పుణ్యం కట్టుకోండ్రి అని కళ్ళు తుడుచుకున్నాడు.

నా మనసు కరిగింది. మేనమామ అంటే నాకు తెలుసు. నేనూ ఒకతెకు మేనమామనే.

చెప్పాను. మాదాపూర్, హాస్టళ్ళ సందు, టిఫిన్ సెంటరు పైన. సోమవారం నుంచి శుక్రవారం వరకు, నాలుగు నుంచి ఆరు. బంగారం లాంటి పిల్ల, చదువు మాన్పించవద్దు అని కూడా చెప్పాను. తప్పక సదివిస్త సారూ అన్నాడు.

లేవబోతుంటే ఆగమని లోపలి నుంచి కాగితం తెచ్చాడు. తన పెళ్ళి శుభలేఖ, ఇంకా అచ్చుకు పోలేదు. పెద్దమనుషులు, జర తప్పులు చూడండ్రి అన్నాడు. ఈ నెల ఇరవై మూడు, ఆదివారం, ఉదయం పది గంటల నలభై నిమిషాలు. చేర్యాల అవతల రాగులపల్లె, వరుని స్వగృహం. మూఢం రాకముందే కానిచ్చేయాలని తొందరట. అయిదు తప్పులు దిద్దాను. వధువు పేరు ఉండవలసిన చోట చుక్కలు ఉన్నాయి. ఇంట్లో ఒక పేరు, బడిలో ఒక పేరు సారూ, ఏది ఏపియ్యాల్నో పెద్దోల్లు ఇంక తేల్చలే అన్నాడు.

నా పాదాలకు దణ్ణం పెట్టాడు. బస్‌స్టాపు వరకు తన కారులో దింపాడు.

ఈ రోజుల్లో ఇటువంటి వినయం అరుదు.


నవంబరు 17, సోమవారం

ప్రవళిక వచ్చింది. చిక్కిపోయింది. శుక్రవారం నాటి లడ్డూ దాచి ఉంచాను, ఇచ్చాను. సగం తిని సగం కాగితంలో చుట్టుకుంది. నార్సింగి సంగతి చెప్పలేదు. తనంత తానే చూసి సంతోషిస్తుందని.

ఆరు గంటలకు పిల్లలు దిగారు. కిటికీ దగ్గర నా కుర్చీ. సందు మొదట్లో తెల్ల కారు ఉంది. రవీందర్ దిగి వెనుక తలుపు తెరిచి పట్టుకున్నాడు. ప్రవళిక మెట్ల దగ్గరే నిలబడిపోయింది. తరువాత తల ఎత్తి పైకి చూసింది. కిటికీలో నేను ఉన్నాను.

వెళ్ళి రా తల్లీ అని చెయ్యి ఊపాను.

వెళ్ళి కారులో కూర్చుంది.

ఒక ఇంటిని కలిపాను ఈ రోజు. బస్సులో నిలబడి వచ్చినా కాళ్ళు నొప్పి అనిపించలేదు.


నవంబరు 18, మంగళవారం

ఎక్కడ నుంచి మొదలుపెట్టాలో తెలియడం లేదు. క్రమంగా వ్రాస్తాను.

మధ్యాహ్నం ఒంటిగంటకు రేణుక ఫోను. వెంటనే రమ్మంది. వెళ్ళేసరికి అందరూ ఉన్నారు. ప్రవళిక నిన్న హాస్టలుకు చేరలేదు. ఆ హాస్టలు ఉన్నది మా నిజాంపేటలోనే, మా ఇంటికి రెండు వీధుల అవతల. నాకు తెలియదు. రేణుకకు, ఎల్లమ్మకు తప్ప ఎవరికీ తెలియదు.

అప్పుడు రేణుక చెప్పింది. ఇన్నాళ్ళు చెప్పనిది, ఇక దాచి లాభం లేదు గనుక. ఆ పిల్ల పధ్నాలుగవ ఏట నుంచి ఆ మేనమామ.

వాక్యం పూర్తి చేయలేను.

ఎండాకాలంలో తనతోనే పెళ్ళి నిశ్చయం చేశాడట. వాని సొత్తు అన్నట్టు. గది వాని పేరున, ఊళ్ళో పెద్దలు వాని మాట మీద. ఆగస్టులో ఒక తెల్లవారుజామున ఎల్లమ్మ తానే పిల్లను తన కంపెనీ బస్సులో ఎక్కించి తెచ్చి రేణుకకు అప్పగించింది. తమ్ముడి దగ్గర మాత్రం ఏమీ తెలియనట్టు ఏడుస్తూ ఉంది.

నార్సింగి గదికి తాళం. ఎల్లమ్మ డ్యూటీకి రాలేదు. వాని ఫోను మూసి ఉంది. పోలీసు కంప్లైంటు ఇచ్చారు, బాలల హెల్ప్‌లైను 1098కి చెప్పారు. సొంత ఊరు చేర్యాల దగ్గర అని తప్ప ఊరి పేరు ఎవరికీ తెలియదు. ఎల్లమ్మ భయపడి చెప్పలేదట. రేణుక పద్ధతి ప్రకారం గుచ్చి అడగలేదట.

ఈ జాగ ఆనికి ఎట్ల దొరికిందో సమజైత లేదు అని రేణుక ఒక్కొక్కరి ముఖం చూసింది. నా ముఖమూ చూసింది. నేను కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాను.


అదే రోజు, సాయంత్రం 7

చెప్పలేదు. రేపు చెబుతాను.


నవంబరు 19, బుధవారం

పోలీసులు వెదుకుతున్నారు. వారి పని వారికి తెలుసు. ఇరవై మూడు వరకు గడువు ఉంది. నాలుగు రోజులు. నేను చెప్పకపోయినా దొరకవచ్చు.

పైగా నేను చేసినది తప్పు అని ఎవరు నిర్ణయిస్తారు? మేనమామ అన్నాడు. నమ్మాను. ముప్పయ్యారేళ్ళు ఇళ్ళకు వెళ్ళాను, ప్రతి ఇంటా కుర్చీ వేశారు.

రేణుక అందరికీ పాలసీ ప్రతులు పంచి మళ్ళీ చదవమంది. నాలుగవ నియమం. ‘పిల్ల సమ్మతి లేనిదే ఆమె వివరములను ఎవ్వరికిని, కుటుంబసభ్యులకు సైతము, తెలుపరాదు.’ నా దస్తూరి. నా సొంత వాక్యం. ఎక్కడా తప్పు లేదు.

బస్సులో ఒకతను లేచి నాకు సీటు ఇచ్చాడు. కూర్చోలేకపోయాను.


నవంబరు 20, గురువారం, ఉదయం 9

కనకానికి చెప్పాను. చెప్పాలని కూర్చోలేదు. పేపరు చదువుతున్నాను, పేజీ తిప్పకుండా ఎంత సేపు చూస్తారు మావయ్యా అని అడిగింది. చెప్పేశాను. చిరునామా, చాయ్, శుభలేఖ, చుక్కలు, కిటికీ.

ఆమె చేతిలో చిక్కుడుకాయలు ఉన్నాయి. ఈనెలు తీస్తూనే విన్నది. తరువాత మాట్లాడింది. ఆమె మాటలు ఉన్నవి ఉన్నట్టు వ్రాయడానికి ప్రయత్నిస్తాను. దిద్దను.

పెళ్ళిరోజు పొద్దున్నే నేను గడ్డివాములో దాక్కున్నాను, గుర్తుందా అంది. లేదన్నాను. నాకు గుర్తుంది అంది. అందరూ వెదికారు, నాన్న కర్ర పట్టుకుని వెదికాడు, ఎవరికీ దొరకలేదు, నీకు దొరికాను అంది. నువ్వు అంది. పెళ్ళికి ముందు నన్ను నువ్వు అనేది. తాళి కట్టిన తరువాత మీరు అంది. యాభై ఒక్కేళ్ళకు మళ్ళీ నువ్వు.

నీ చెయ్యి చూసి నేనే బయటికి వచ్చాను అంది. నాన్న కొట్టబోతే అడ్డం వచ్చేది నువ్వు, నాకు పలక కొనిపెట్టింది నువ్వు. తొమ్మిదో తరగతి పరీక్షలున్నాయి, మావయ్య పంతులు కదా, మావయ్యతో చెబితే ఆపుతాడు అనుకున్నాను. పెళ్ళికొడుకువి నువ్వేనని తెలుసు. అయినా నువ్వే ఆపుతావనుకున్నాను. చెప్పాను కూడా. పరీక్షలు తరువాత నేను వ్రాయిస్తాలే పద, అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళావు.

వ్రాయించలేదు. అది నాకు గుర్తుంది.

మొదటి ఏడాది రెండుసార్లు అమ్మ దగ్గరికి పారిపోయాను అంది. రెండుసార్లూ నువ్వే వచ్చి తీసుకొచ్చావు. ఊళ్ళో అందరూ మెచ్చుకున్నారు, ఎంత ఓపికో పంతులికి అని. అప్పటి నుంచి మంచం తలుపు పక్కన వేసుకుని పడుకుంటున్నావు. ఎన్ని ఇళ్ళు మారినా.

నేను చెడ్డవాడినా అని అడిగాను చివరికి. ఇప్పుడు నీ సంగతి కాదు అంది. ఇరవై మూడు దాకా వాడు ఆగుతాడని నీకెవరు చెప్పారు? ఆ అమ్మాయికి ఫోన్ చెయ్యి.

చిక్కుడుకాయల పళ్ళెం పక్కన పెట్టి నా ఫోను తెచ్చి నా చేతిలో పెట్టింది.


అదే రోజు, ఉదయం 9.40

రేణుకకు చెప్పాను. రాగులపల్లె. ఊరి పేరు మళ్ళొకసారి చెప్పుండ్రి సార్, నిమ్మళంగ, అంది.


నవంబరు 21, శుక్రవారం

నిన్న మధ్యాహ్నమే పోలీసులు, అధికారులు, రేణుక రాగులపల్లె చేరారు. పిల్ల దొరికింది.

పందిరి లేదట. మేళం లేదట. ఇల్లు బయట గొళ్ళెం వేసి ఉందట. లోపల ఎల్లమ్మ, ప్రవళిక. పిల్ల మెడలో పసుపుతాడు. పంతొమ్మిది నాడు, బుధవారం, అయిదుగురి ఎదుట కట్టాడట. పోలీసు కంప్లైంటు సంగతి తెలిసి ముహూర్తం కూడా చూడలేదట.

పంతొమ్మిది నాడు నేను ఈ పుస్తకంలో వ్రాసినది చూసుకున్నాను. నాలుగు రోజులు గడువు ఉంది.

రవీందర్‌ను అరెస్టు చేశారు. పిల్లను దవాఖానకు, అక్కడ నుంచి బాలల సంక్షేమ సమితి ముందుకు, అక్కడ నుంచి ప్రభుత్వ హోముకు. నేను స్టేషనుకు వెళ్ళి స్టేట్‌మెంటు ఇచ్చాను. ఎస్.ఐ. చిన్నవాడు. నన్ను సార్ అన్నాడు. మంచినీళ్ళు ఇచ్చాడు. ఎవరైనా తిడితే బాగుండునని ఉంది. ఎవరూ తిట్టడం లేదు.


నవంబరు 22, శనివారం

ఎల్లమ్మ వచ్చింది. ‘మన గది’ మెట్ల మీద కూర్చుని ఉంది. కంపెనీ వారి నీలం యూనిఫారం, మెడలో బ్యాడ్జి. ఎడమ కన్ను వాచి మూసుకుపోయింది. నన్ను ఎన్నడూ చూడలేదు, అయినా గుర్తుపట్టింది. తెల్ల పంచె, కళ్ళద్దాలు, సంచి. వాడు చెప్పి ఉంటాడు. చెప్పి నవ్వి ఉంటాడు.

లేచి నిలబడింది. నువ్వేనా సారువు అంది. నేనే అన్నాను.

మూడు నెలలు ఆని తన్నులు తిన్న సారూ, నోరిప్పలే అంది. బెల్టుతోని కొట్టిండు, ఇప్పలే. గోడకేసి కొట్టిండు, ఇప్పలే. నువ్వు ఒక్క చాయ్‌కి చెప్పినవ్.

గట్టిగా అనలేదు. కింద టిఫిన్ సెంటరు వాళ్ళకు కూడా వినపడి ఉండదు. ఇంత చదువుకున్నవ్, తల్లి ఏడున్నదని అడగొచ్చిందా సారూ నీకు, డ్యూటీ ఇడిసెదాంక ఆగొచ్చిందా అంది. సమాధానం కోసం ఆగలేదు. పక్కకు జరిగి నాకు మెట్లు ఎక్కడానికి దారి ఇచ్చింది.

ఎక్కలేదు. తిరిగి వచ్చేశాను.


నవంబరు 24, సోమవారం

ప్రవళికకు ఉత్తరం వ్రాశాను. నాలుగు పేజీలు. మూడుసార్లు సాఫు చేశాను. రేణుకకు ఇచ్చి, హోములో అందజేయమన్నాను. వీలైతే ఒకసారి చూసి క్షమాపణ చెప్పుకుంటానన్నాను.

రేణుక ఉత్తరాన్ని విప్పలేదు. రెండు చేతులతో నాకు తిరిగి ఇచ్చింది. ఇది ఇస్తె మీ మనసు తేలికైతది సార్, ఆ బరువు ఆమె మీద పడ్తది అంది. మీరు ఏడుస్తె ఆమె మిమ్మల్ని ఊకుంచాలె. మీరు మొక్కితె ఆమె పోనీలే సార్ అనాలె. ఇప్పుడు ఆమెతోని ఇంకోల్ల పని చేపియ్యొద్దు. ఆమె మిమ్మల్ని అడిగినరోజు నేనే ఫోన్ చేస్త. అడగకపోవచ్చు కూడా.

నోటుబుక్కు అడిగింది. ఇచ్చాను. పదకొండు చిరునామాలు. నా ఎదుటనే ఒక్కొక్క పేజీ చించి ముక్కలు చేసింది. ప్రవళిక పేజీ చేతికి వచ్చినప్పుడు చెయ్యి ఆగింది. ఆ దస్తూరి చూసి. తరువాత అదీ చించింది.

ఇక నుంచి రావద్దు అని ఆమె అనలేదు. వస్తానని నేను అనలేదు.

మెట్ల దాకా వచ్చి వెనక్కు పిలిచింది. చెప్పాలా వద్దా అని రెండు దినాల సంది అనుకుంటున్న సార్, మీరు తెలుసుకోవాలె అంది. కారు ఎక్కేటప్పుడు ఎందుకు అరవలేదని ఒక అధికారి ప్రవళికను అడిగాడట. ఎందుకు అని. రేణుక ఆపేలోపే పిల్ల జవాబు చెప్పిందట. సందు నిండా మనుషులున్నారు, అరుద్దామనే పైకి చూసిన, సారు చెయ్యి ఊపిండు, సారుకు ఎరికే అన్నమాట, మన గదోల్లందరికి ఎరికే, అందరు కలిసే పంపుతున్నరు అనుకున్న. ఇగ ఎవలని పిలువాలె?

అందుకని అరవలేదట.


నవంబరు 25

ఏమీ వ్రాయలేను.


నవంబరు 26, బుధవారం

మధ్యాహ్నం మంచం జరిపాను. ఒక్కడినే. నవారు మంచం కాదు, టేకుది. కోళ్ళు గచ్చు మీద గీసుకుని పెద్ద శబ్దం అయింది. తలుపు పక్క నుంచి తీసి కిటికీ వైపు గోడకు చేర్చాను. కనకం గుమ్మంలో నిలబడి చూసింది. సాయం పట్టలేదు. వద్దనలేదు. అటు వైపు దోమలు ఎక్కువ అని మాత్రం అంది.

గచ్చు మీద మంచం కోడు ఉన్న చోట నాలుగంగుళాల మచ్చ మిగిలింది. తడిగుడ్డతో తుడిచాను. పోలేదు.

అన్నం తినేటప్పుడు, అమ్మ దగ్గరికి పారిపోయిన ఆ రెండుసార్లు తప్ప, తనకు ఊహ తెలిసినప్పటి నుంచి ఒక్కతే ఎక్కడికీ వెళ్ళలేదని అంది. ఎక్కడికి వెళ్ళాలని ఉంది అని అడగబోయి, ఊరుకున్నాను.


నవంబరు 27, గురువారం, ఉదయం 10

కనకం ఇంట్లో లేదు. చెప్పులు లేవు. రసజ్ఞ ఎప్పుడో చేయించి ఇచ్చిన మెట్రో కార్డు మేకుకు లేదు. ఫోను బల్ల మీదే ఉంది. పాలు కాచి మూత పెట్టి వెళ్ళింది, ఒక్క గ్లాసుకు సరిపడా.

నేను చెప్పులు వేసుకున్నాను.

విప్పాను.

తలుపు తెరిచే ఉంది.